రాక్షసుడి ముఖానికి చింతగింజల జిగురు

మా ఆయన మూతి వంకర పోయిన ఏడాది జిగుర్ల గురించి నేను తెలుసుకున్నంత, ఇన్నేళ్ళ కుట్టుపనిలో గుడ్డల గురించి కూడా తెలుసుకోలేదు. ఇబ్రహీంపట్నంలో మా ఇంటి ముందరి గదిలోనే నా మిషన్. జాకెట్లు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. కాలరు వాలిపోకుండా లోపల బక్రం వెయ్యడం, నేత చీరకు గంజి పెట్టడం, గుడ్డను గట్టిపరచడమంటే నాకు తెలిసింది అంతే. కట్టుకున్నవాడికి ఒక ముఖం తయారుచేసి పెట్టాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఆయన యాచారం రోడ్డులో షేర్ ఆటో నడుపుతాడు. చలికాలంలో తెల్లవారకముందే మొదటి ట్రిప్పుకు బయలుదేరేవాడు. చెవులకు ఏదైనా కట్టుకొమ్మంటే "రాజుకు మఫ్లర్ ఏందే" అని నన్నే వెక్కిరించేవాడు. ఆయన నిజంగానే రాజు. మా దగ్గర భాగవతం మేళం ఒకటి ఉంది, వేషాలు కట్టి పాటలతో పద్యాలతో కథలాడతారు. కిరాణా దుకాణం ఆయన, వడ్రంగి పని చేసే ఆయన, ఆటో నడిపే మా ఆయన, పగలంతా ఎవరి పనుల్లో వాళ్ళుంటారు. జాతరలొచ్చాయంటే వేషగాళ్ళవుతారు. మా ఆయన ఏ కథ ఆడినా రాజు వేషమే కట్టేవాడు. ఆటో ఎక్కిన ఆడవాళ్ళు కూడా "రాజుగారూ, జర బస్టాండు కాడ ఆపు" అనేవాళ్ళు. ఆ మాట వింటే ఆయన భుజాలు కొంచెం పైకి లేచేవి.

ఒక పొద్దున ముఖం కడుక్కుంటుంటే నోట్లో నీళ్ళు ఎడమ పక్కనుంచి కారిపోయాయి. మళ్ళీ పుక్కిలిస్తే మళ్ళీ కారాయి. నా వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు. మూతి కుడిపక్కకు గుంజుకుపోయి ఉంది. ఎప్పుడూ ముఖం అష్టవంకరలు తిప్పి నన్ను నవ్వించే మనిషి కదా, ఇదీ ఒక వేషమే అనుకున్నాను. "సాల్లే, పాలు పొంగుతున్నయ్" అని లోపలికి పోయాను. పాలు దించి వచ్చేసరికి ఆయన అద్దం ముందర ఉన్నాడు. ఎడమ కన్ను మూతపడటం లేదు, వేలితో రెప్పను కిందికి దించుతున్నాడు, వదిలితే మళ్ళీ తెరుచుకుంటోంది.

దవాఖానలో డాక్టరు భయపడాల్సింది లేదన్నాడు. ఒంటికి వచ్చే పక్షవాతం కాదు, ముఖంలో ఒక నరం పట్టేసింది, చాలామందికి తగ్గిపోతుంది అని మందులిచ్చాడు. కంట్లో వేసుకోవడానికి చుక్కలిచ్చాడు. బుగ్గలకు కసరత్తుగా బుడగలు ఊదమన్నాడు. ఇల్లంతా బుడగలే. గాలి ఒక పక్కనుంచి పోతుంటే పెదవిని వేళ్ళతో నొక్కిపట్టి ఊదేవాడు. నాకు నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది. మందులు పనిచేశాయి, మాట కొంత తేటపడింది, కన్ను సగం మూతపడసాగింది. ఆ తర్వాత అక్కడే ఆగిపోయింది. నవ్వితే సగం నవ్వే వచ్చేది. పాడితే ఎడమ పెదవి చివర ఉమ్మి జారేది. కరోనా పోయి ఊరంతా మూతుల మీద గుడ్డలు తీసేసిన కాలంలో మా ఆయన తువ్వాల చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఇంట్లో పాట ఆగిపోయింది. అది నేను తట్టుకోలేకపోయాను. ఆయన రాగం తీస్తుంటే ఆ తాళానికి మిషన్ తొక్కడం నాకు అలవాటు. పాట లేకపోతే పాదం ఎక్కడ ఆపాలో తెలియక జాకెట్ల చంకల దగ్గర కుట్లు తప్పేవి. ఆయన మళ్ళీ వేషం కట్టాలి, మళ్ళీ పాడాలి, నాకు అంతకంటే వేరే కోరికేదీ లేదు.

హార్మోనియం వాయించే ఆయనే మేళానికి పెద్ద. వరసకు మా ఆయనకు బావ. ఒక రోజు ఇంటికొచ్చి, చాయ్ తాగి, సూటిగా అడిగాడు.

"యాసంగి కోతలైనంక ఆటలున్నయ్. రాజు వేషం ఎవలు గడుతరు?"

"నేనైతే గట్ట బావా" అన్నాడు మా ఆయన తువ్వాలలోంచి.

"మూతి జర పక్కకు పోయిందని రాజ్యం పోతదా? రంగు పూస్తే ఏం గానరాదు."

"జనం పాట ఇనరు, మూతి సూస్తరు. నాకు రాక్షసుని వేషమియ్యి. గా వేషానికైతే మొఖానికి తొడుగుంటది."

బావ నా వైపు చూశాడు. ఆయన నోటినుంచి వేషం అన్న మాట వచ్చిందే చాలనుకున్నాను. పాత రాక్షసుడికి మోకాళ్ళు అరిగిపోయి ఎగరలేకపోతున్నాడు కాబట్టి ఆ వేషం ఖాళీగానే ఉంది. తొడుక్కునే ముఖం మాత్రం పనికిరాదు. కాగితం గుజ్జుతో చేసింది, బరువు, చెంపలు ఎలుకలు తిన్నాయి. పైగా దానికి నోటి దగ్గర చిన్న కంత మాత్రమే ఉంది. పాత రాక్షసుడు కేకలు పెట్టేవాడే తప్ప పాడేవాడు కాదు, వంతవాళ్ళు పాడేవాళ్ళు. మా ఆయన తానే పాడతానన్నాడు. కాబట్టి నోరు బాగా తెరుచుకుని ఉండాలి, కిరీటం ముఖానికి కలిసే ఉండాలి, మెడ నొప్పిపుట్టనంత తేలిగ్గా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, కింది పెదవి మీద ఉమ్మి జారినా మెత్తబడకూడదు.

"గుడ్డతోని చేస్త" అన్నాను. గుడ్డయితే నా చేతిలో పని. జిగురు మాటే అప్పుడు నాకు తట్టలేదు.

చెరువు మట్టి తెచ్చి, తడిపి, మిషన్ గదిలో ఒక మూల రాక్షసుడి ముఖాన్ని చేశాను. ఉబ్బిన కళ్ళు, గద్దముక్కు, కోరలు. దాని మీద పాత పంచె పీలికల్ని జిగురులో ముంచి పొరలు పొరలుగా పరిచి, ఆరాక మట్టిని తీసేస్తే గుల్ల మిగలాలి. ముక్కు చుట్టూ గుడ్డ ముడతపడకుండా తిరగాలంటే నిలువు పోగున కత్తిరిస్తే కుదరదు, ఏటవాలుగా కత్తిరించాలి. అది జాకెట్టు మెడ కుట్టే ఎవరికైనా తెలుసు. గుడ్డ వరకు నా చేతిలో బాగానే సాగింది.

మొదట గంజి పెట్టి చూశాను, తర్వాత సగ్గుబియ్యం ఉడికించి. రాక్షసుడు నేత చీర కొంగంత గట్టిగా వచ్చాడు, చిటికెన వేలు పెడితే ముక్కు లోపలికి పోయింది. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు, చాలా రోజుల తర్వాత.

తర్వాత మైదా లై. గోడలకు పోస్టర్లంటించే పిల్లలు ఉడికిస్తారే, అది. చాలా బాగా గట్టిపడింది. పోస్టర్లవాళ్ళు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేస్తారు. అది విషం, మూతికి ఆనించుకునే వస్తువులో ఎలా వేస్తాను? వెయ్యకపోయేసరికి పులిసిన వాసన పట్టింది. ఒక పాట పాడేసరికి కింది పెదవి నాని వేలాడింది. మర్నాటి పొద్దునకు గడ్డం లేదు, బొద్దింకలో ఎలుకలో భోంచేసి పోయాయి.

"రాక్షసున్నే తిన్నయంటే గవి మామూలు ఎలుకలు గావు" అన్నాడు ఆయన.

వడ్రంగులు వాడే తెల్ల జిగురు తెచ్చాను. తొందరగా ఆరింది, ప్లాస్టిక్ తట్టలా గలగలమంది. ఈసారి గెలిచాననుకున్నాను. మా ముందరి గది రేకుల గది. ఎండలు ముదిరాక మధ్యాహ్నం ఆ గదిలో రాక్షసుడి కిరీటం ఒక పక్కకు ఒరిగింది. తడి తగిలినచోట తెల్లగా ఉబ్బి రబ్బరులా సాగింది. వాసనకు ఆయనకు తలనొప్పి. వడ్రంగి పని చేసే మేళగాడు సరేసు ఇచ్చాడు, పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసే జిగురు. వేడిచేయగానే వాడంతా వాసనొచ్చింది. అది పూసిన ముఖంలో నోరు తెరిచి పాడమని నేనే చెప్పలేకపోయాను.

ఇదంతా చూస్తున్నది మా వాడలో చింతపండు అమ్మే ఖాలా. తరాల నుంచి ఇక్కడి సాయిబుల కుటుంబమే. ఎండాకాలం ఆ ఇంటి వరండాలో చింతపండు కొట్టి గింజలు తీస్తారు, గింజల కుప్ప ఒక మూల అలాగే ఉంటుంది. ఒక రోజు జాకెట్టు వదులు చేయించుకోవడానికి వచ్చి, వాలిన కిరీటాన్ని చూసి బుగ్గన వేలేసుకుంది.

"అరే బేటీ, గీ డబ్బాల జిగురుతోని ఎందుకు పరేషానైతున్నవ్? గొంగళ్ళు నేసెటోళ్ళు నా కాడనే చింతగింజలు తీస్కపోతరు. వానకు గొంగడి వాలంగ సూసినవా?"

చూడలేదు. పెద్దవాళ్ళు వానలో గొంగడి కప్పుకుని పోతే అది గుడిసె కప్పులా నిలబడే ఉండేది. ఉన్నికి చింతగింజల గంజి పట్టిస్తారని నాకూ తెలుసు. నా బుర్రకు అదెందుకు తట్టలేదో మరి. ఖాలా కొంగులో పోసిన గింజల్ని తెచ్చి వేయించాను, పొట్టు తీశాను, నానబెట్టాను. మిక్సీలో వేస్తే బ్లేడు వంగిపోయింది. రోటిలో వేసి దంచి, మళ్ళీ నానబెట్టి రుబ్బాను. వేపాకు మరిగించిన నీళ్ళలో కలిపి సన్నని సెగ మీద తిప్పుతూ ఉంటే ఎరుపు, గోధుమ కలిసిన రంగులో చిక్కబడింది. కొంచెం పటిక పొడి వేశాను. దాంట్లో ఒక గుడ్డముక్క ముంచి, ప్రహరీ గోడ మీద పరిచి ఆరబెట్టాను. పెద్దగా ఆశ లేదు. ఇన్ని చూశాక ఇదొకటి.

ఆ రోజు సాయంత్రమే జరిగింది. ఆయన ఆటో పెట్టొచ్చి, తెల్ల జిగురు ముఖాన్నే తాడేసి కట్టుకుని, పెరట్లో రాక్షసుడి పాట మొదలుపెట్టాడు. పాట సగంలో పెదవి ఊడి గడ్డం మీదికి వేలాడింది. ఆయనకు కోపమొచ్చింది. ముఖాన్ని పీకి జామచెట్టు మొదట్లోకి విసిరాడు. తువ్వాల లేదు, ఏమీ లేదు. ఉత్త ముఖంతో ఆ పాటను చివరిదాకా పాడాడు. ఆ ఊపులోనే ఆగకుండా రాజు పాట ఎత్తుకున్నాడు, రాజ్యం పోగొట్టుకుని అడవిలో నిలబడినప్పుడు పాడేది.

నేను కత్తెర కింద పెట్టి గడపలో కూర్చున్నాను. మూతి కుడికి పోతోంది, అక్షరాలు అక్కడక్కడ జారుతున్నాయి, పెదవి చివర తడి మెరుస్తోంది. అవన్నీ కనిపించాయి. ఒక చరణం అయ్యాక కనిపించడం మానేశాయి. అంతకుముందు నిండు ముఖంతో పాడినప్పుడు ఆ పాటకు నేనెప్పుడూ ఏడవలేదు. ఆ సాయంత్రం ఏడ్చాను.

"ఎట్లున్నది?" అన్నాడు.

"గిట్లనే పో" అన్నాను. "రంగు గూడ వద్దు, గిట్లనే పో. రాజ్యం పోయినోని మొఖం ఎట్లుంటదో గట్లనే ఉన్నది."

"నిజంగనా?"

"నేను నీకు అబద్ధమెప్పుడు జెప్పిన?"

ఆయన మూతి తుడుచుకున్నాడు. సిగ్గుపడుతున్నట్టు నేలకేసి చూశాడు. "రేపు బావకు ఫోన్ జేద్దాం తియ్యి" అన్నాడు. నేను బువ్వ పెట్టాను. తువ్వాల లేకుండా నా ఎదురుగా కూర్చుని తిన్నాడు, ఎడమ పక్కనుంచి మెతుకు జారితే ఎత్తి మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. నా ఇల్లు నాకు తిరిగొచ్చిందనుకున్నాను.

పొద్దున పళ్ళు తోముకుంటూ గోడ దగ్గరికి పోయింది ఆయనే. ఆరిన గుడ్డముక్కను ఎత్తాడు. వేలి కణుపుతో కొట్టాడు, టకటకమంది. బకెట్లో ముంచాడు, అలాగే వదిలేసి గడ్డం గీసుకోవడానికి పోయాడు. తిరిగొచ్చి బయటికి తీసి దులిపితే ముక్క వంగలేదు.

"ఇగ జూడవే!" అని అరిచాడు. "ఇగ ఫికర్ లేదు. దొరికింది నీకు జిగురు!"

నేనూ పరుగెత్తాను. నేనూ వేలితో కొట్టి చూశాను. చప్పట్లు కొట్టాను కూడా, దాచడమెందుకు? ఇన్ని నెలల తిప్పల తర్వాత కుదిరిన పని. బావకు ఫోన్ చేశాడు. రాజు మాట రాలేదు. "మా ఆమె రాక్షసున్ని నిలవెట్టింది బావా" అని చెప్పాడు. ఎప్పుడో మిషన్ తొక్కుతున్నప్పుడు నాకు గుర్తొచ్చింది, రాత్రి మేమనుకున్నది వేరే కదా అని. అప్పటికి ఆయన యాచారం పోయాడు. ఆ ముక్క ఇంకొక్క రోజు ఆరకుండా ఉంటే బాగుండేది. ఒక మబ్బు పట్టినా బాగుండేది.

ఈసారి మట్టి మీద కాకుండా, లోపలి పొరను ఆయన ముఖం మీదే వేశాను, సరిగ్గా అతుక్కుని పాడేటప్పుడు కదలకుండా. మంచం మీద పడుకోబెట్టి, ముఖానికి నూనె రాసి, సగం మూతపడే ఎడమ కంటి మీద తడి దూది పెట్టి, ముక్కు కంతలు వదిలి, చల్లారిన జిగురులో ముంచిన పలచటి పీలికలు పరిచాను. నవ్వొద్దని ముందే చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆ చెంపల మీద, పక్కకు లాగిన ఆ పెదవి చివర, గడ్డం కింద, అన్నిచోట్లా నా వేళ్ళు తిరిగాయి. కొంచెం ఆరాక ఊడదీసి, లోపల మట్టి నింపి, పైన రాక్షసుడి కళ్ళూ కోరలూ కిరీటమూ కట్టుకుంటూ వచ్చాను. కిరీటం అంచుకు మాత్రం బక్రం, వెదురు బద్ద. నోటి లోపలివైపు తేనె మైనం కరిగించి రుద్దాను. బయట ఎరుపు, నలుపు. చూసినవాళ్ళు గుడ్డ అంటే నమ్మలేదు. పైనుంచి చూస్తే భయంకరమైన రాక్షసుడు. లోపలికి తొంగిచూస్తే మా ఆయన ముఖం, ఆ వంకరతో సహా.

మొదటి ఆట కోహెడ దగ్గర ఒక ఊళ్ళో, మిట్టమధ్యాహ్నం షామియానా కింద. ఇప్పుడు తెల్లవార్లూ కూర్చుని చూసేవాళ్ళెవరు? ఎండ మండిపోతోంది. రాక్షసుడు పాడుతూ తెర చీల్చుకుని వచ్చాడు. నా చూపంతా కింది పెదవి మీదే. మెత్తబడలేదు. కిరీటం ఒరగలేదు. ఎగిరాడు, గర్జించాడు, గుక్క తిప్పుకోకుండా పాడాడు. లోపలినుంచి వచ్చే గొంతు కొంచెం బోలుగా, మరింత పెద్దగా వినపడింది. జనం చప్పట్లు ఆపలేదు. నా పక్కన కూర్చున్నామె "గీ గొంతు ఎవలిదే తల్లీ" అంది. మా ఆయనదే అని చెప్పబోయాను.

చెప్పలేదు. మా మేళంలో ఒక కట్టుబాటు ఉంది. ఆటలో చచ్చిన వేషం మళ్ళీ జనానికి కనపడకూడదు. రాజు రాక్షసుణ్ణి చంపాక తెర పడుతుంది. చివర మంగళహారతికి వేషగాళ్ళంతా వరసగా నిలబడతారు, బావ ఒక్కొక్కరి పేరూ ఊరూ చెప్పి పిలుస్తాడు, ఊరి పెద్దలు శాలువా కప్పుతారు. చచ్చినవాడు మాత్రం ఆ వరసలో నిలబడడు, అతని పేరు పిలవరు. హారతి పళ్ళానికి అది అశుభమంటారు. తెర వెనకనుంచి వెనకగానే పోయి స్నానం చేయాలి. పాత రాక్షసుడి కాలంలో నేనెప్పుడూ దీని గురించి ఆలోచించలేదు. ఆ రోజు కిరాణా దుకాణం ఆయన రాజు కిరీటంతో శాలువా కప్పించుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. ఆయన మంచివాడే, పాట మధ్యలో పాదం అందక రెండుసార్లు హార్మోనియం వైపు చూశాడు, అంతే.

తెర వెనక్కి పోయాను. మా ఆయన వాటర్ క్యాను మీద కూర్చుని ఉన్నాడు, ముఖం ఒళ్ళో ఉంది, తువ్వాల అప్పుడే చుట్టేసుకున్నాడు.

"ఎట్లున్నది?"

"మస్తున్నది. ఎవలిదీ గొంతని అడుగుతున్నరు."

"ఏమన్నవ్?"

"ఏమనలే."

"మంచి పనిజేసినవ్" అన్నాడు. ఆ కళ్ళు నవ్వాయి, రెండూ.

అప్పటినుంచి రాక్షసుడికి పేరొచ్చింది. ఆటోలో ఎక్కినవాళ్ళు ఆయన దగ్గరే ఆ సంగతి ఎత్తేవాళ్ళట, "ఎవడోగని అన్నా, రాక్షసుడు మస్తు పాడిండు" అని. ఈయన "అవునా" అని గేరు మార్చేవాడట. ఇంటికొచ్చి చెప్పి నవ్వేవాడు, మొదట్లో నేనూ నవ్వాను. రాజుగారూ అని పిలిచేవాళ్ళు మెల్లగా మానేశారు. ఆటో అన్నా అని పిలవసాగారు. ఆయన పట్టించుకున్నట్టు కనపడలేదు. నాకు మాత్రం ముల్లు దిగినట్టుండేది.

బడంగ్‌పేట్‌లో ఒక కాలనీవాళ్ళు ఆడించారొకసారి. అక్కడ కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు ఎక్కువ. వాళ్ళకు మా కట్టుబాటు తెలియదు. ఆట అయ్యాక ఒకామె నేరుగా తెర వెనక్కే వచ్చింది. ముఖాన్ని చేత్తో తడిమి చూసి ఆశ్చర్యపోయింది.

"ఇది మీరే చేశారా అండీ? గుడ్డా? అమ్మో! మరి ఆ పాడినాయన ఎవరండీ? మా అమ్మగారు ఒక్కసారి చూస్తానంటున్నారు, పెద్దావిడ, లేచి రాలేరు. బయటికి పిలవరూ?"

నేను ఆయన వైపు చూశాను. దేవుడా, ఈ ఒక్కసారి తువ్వాల తీసి బయటికి పోనీ అనుకున్నాను. చచ్చినవాడు కనపడకూడదన్న మాటను అక్కడ అడ్డుపెట్టేవాళ్ళు లేరు, బావ కూడా "పో బామ్మర్దీ, ఏం గాదు" అన్నాడు. మా ఆయన లేచాడు. నా చేతిలోంచి ముఖాన్ని తీసుకున్నాడు, పెట్టుకున్నాడు, వెనక తాడు కట్టమని నా వైపు వీపు తిప్పాడు. కట్టాను. ఆ పెద్దావిడ ముందు రాక్షసుడు చేతులు జోడించి నిలబడ్డాడు. ఆమె ఆ ఎర్రటి చెంప మీద చెయ్యి వేసి, "చల్లగా ఉండు నాయనా" అంది. అందరూ ఫోటోలు తీసుకున్నారు. ఆ తర్వాతి జాతరకు మేళం ఫ్లెక్సీ బస్టాండు దగ్గర కట్టినప్పుడు, గుండ్రటి గళ్ళలో అందరి ముఖాలూ ఉన్నాయి, ఒక గడిలో మాత్రం ఆ ఫోటోలోని రాక్షసుడున్నాడు. ఫోటో అడిగితే అదే పంపాడట. ఆ ఫ్లెక్సీ చిరిగేదాకా నేను కూరగాయలకు వేరే దారిన పోయాను.

మూతి ఇప్పుడు చాలావరకు సరిగ్గా ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ నరం మెల్లమెల్లగా సర్దుకుంది. నవ్వినప్పుడు కొంచెం తేడా, అంతే. అది ఊరందరికీ తెలుసు, ఆయనకు చెబితే మాత్రం నమ్మడు. అద్దంలో చూసుకొమ్మంటే అటు తిరిగి పడుకుంటాడు. బావ ప్రతి ఏడాదీ రాజు వేషం మాటెత్తుతాడు, ప్రతి ఏడాదీ చాయ్ తాగి పోతాడు. నేను అరిచాను, అలిగాను, ఒక పండుగ పూట వంట చేయకుండా కూర్చున్నాను. "నీ పని పాడుజేస్తనా? ఎంత కష్టపడి చేసినవ్" అంటాడు. కష్టపడ్డ మాట నిజమే.

ఎండాకాలం ముందు ఆ ముఖానికి ఏటా ఒక పొర కొత్తగా వెయ్యాలి. నిరుటి చెమటకు కింది పెదవి దగ్గర అంచు లేస్తుంది. ఈ ఏడాదీ ఖాలా ఇంటినుంచి గింజలు తెచ్చాను. జిగురు పొయ్యి మీద ఉడుకుతుంటే ఒక పాడు ఆలోచన వచ్చింది. ఇంకా పచ్చివాసన ఉండగానే దించేస్తే చాలు. ఉడకని చింతగింజల జిగురు పైకి ఆరినట్టే కనిపిస్తుంది, లోపల పట్టు ఉండదు. పది పాటలకు ఊడి వస్తుంది. అందరి ముందర ఊడిపోతే, అప్పుడు ఉత్త ముఖంతో పాట పూర్తి చేయక ఏం చేస్తాడు? పెరట్లో ఆ సాయంత్రం చేసినట్టు.

గరిటె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. అందరి ముందర ఆ ముఖం ఊడిపోతే ఆయన తెర వెనక్కి పరుగెత్తుతాడేమో, ఆ పరుగు ఆపడం నా వల్ల కాదేమో అనిపించింది. జిగురు బాగా ఉడికి, రంగు మారి, గరిటెను పట్టుకునేదాకా తిప్పాను.

గడపలో కూర్చుని పీలికలు ముంచుతుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. పని చేస్తుంటే పక్కన కూర్చోవడం ఆయనకు ఇష్టం. ఏదో కూనిరాగం తీస్తున్నాడు. అది రాజు పాట, అడవిలో నిలబడి పాడేది. ఇన్నేళ్ళలో ఆయన నోట మళ్ళీ వినలేదు. నేను తల ఎత్తలేదు, ఎత్తితే ఆపేస్తాడని భయం. పల్లవి అయింది. మొదటి చరణం రెండో పాదం దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ అక్కడే ఆగాడు.

"గీడికెల్లి ఏందే?" అన్నాడు.

నాకు తెలుసు. ఆ పాట తాళానికి ఎన్ని వేల జాకెట్లు కుట్టానో, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఎన్నడూ గొంతెత్తి పాడని దాన్ని, ఆ పాదం పాడాను. నా గొంతు బాగుండదు. అయినా ఆగకుండా దాని తర్వాతి పాదం కూడా పాడాను, ఆయన అందుకుంటాడని. రాగం ఎక్కడ పైకి పోతుందో అక్కడ ఆపి, ఆయన వైపు చూశాను.

ఆయన శ్రద్ధగా వింటున్నాడు. బాగా తెలిసిన ఊరిని బస్సు కిటికీలోంచి చూసినట్టు వింటున్నాడు. పెదవులు కదిలాయి, గొంతు మాత్రం రాలేదు.

"ఉండనియ్యే" అన్నాడు. "గది యాదికొస్తే రాక్షసుని పాట మర్శిపోత. ఆట దగ్గరికొచ్చింది."

తువ్వాలను మూతి మీదికి జరుపుకుని, వంగి, నా ఒళ్ళో ఉన్న ముఖాన్ని చూశాడు. కింది పెదవి దగ్గర వేలితో చూపించి, ఇక్కడ ఇంకో పొర వెయ్యి, నిరుడు జర కదిలింది అన్నాడు. నేను పీలికను ముంచి, పిండి, ముడత లేకుండా అక్కడ పరిచాను.